గాల్లోకి లేచింది కానీ ఎక్కలేకపోయింది: టేకాఫ్‌లో చిన్న విమానాలు ఎందుకు కూలతాయి

చిన్న విమానం ఒకటి టేకాఫ్ అవుతూ కూలిపోయిందని వార్త రాగానే కారణం కూడా దాని వెంటే వచ్చేస్తుంది: ఇంజన్ ఆగిపోయింది. చూసినవాళ్లు చెప్పారు, టీవీలో వచ్చింది, వాట్సాప్‌లో తిరిగింది, ఇంకేం కావాలి. ఏడాదికో రెండేళ్లకో దర్యాప్తు నివేదిక బయటికొచ్చి, ఇంజన్ నేలను తాకేదాకా పూర్తి శక్తితో తిరుగుతూనే ఉందని చెప్పినా అప్పటికి ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఇంజన్లు ఆగవని కాదు, ఆగుతాయి, దాని గురించీ చెప్పుకుందాం. కానీ ఇలాంటి నివేదికలు వరసపెట్టి చదివితే పదేపదే కనబడేది వేరే. విమానం బాగానే ఉంటుంది, పైలట్ కూడా మరీ పిచ్చిపని ఏమీ చేసి ఉండడు, కాకపోతే బయల్దేరకముందు వేసుకోవాల్సిన ఒక లెక్క వేసుకోలేదు. అది కాస్తా రన్‌వే చివర తేలింది.

ఊహకి ఒక ప్రమాదం తీసుకుందాం. నాలుగు సీట్లు, ఒకే ఇంజన్ ఉన్న విమానం, సెస్నా 172 లాంటిది. సముద్ర మట్టానికి 2,000 అడుగుల ఎత్తులో వెయ్యి మీటర్ల గడ్డి రన్‌వే. మంచి ఎండలో మధ్యాహ్నం. నలుగురు పెద్దవాళ్లు, వాళ్ల బ్యాగులు, ట్యాంకుల నిండా ఇంధనం. విమానం మామూలు కంటే ఎక్కువ దూరం పరిగెత్తింది, ఎట్టకేలకు చక్రాలు లేచాయి, ముక్కు బాగా పైకెత్తి ఉంది కానీ ఎత్తు మాత్రం పెరగట్లేదు, రన్‌వే అవతలి చెట్ల మీదుగా ఎలాగో దాటింది, అక్కడ ఎడమ రెక్క ఒక్కసారిగా కిందికి వాలిపోయింది, విమానం నేలను కొట్టింది. మొత్తం కలిపి ఒక నిమిషం. ఇందులో ప్రతి ముక్కకీ ఒక కారణం ఉంది, వెనక నుంచి ముందుకి విప్పుకుంటూ వస్తే తేలిక.

ముందు ఆ రెక్క సంగతి. కారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అరచేతిని కొంచెం వాలిస్తే గాలి దాన్ని పైకి నెడుతుంది, మరీ నిలువుగా తిప్పేస్తే పైకి లేవడం మానేసి వెనక్కి కొట్టేస్తుంది. రెక్క కూడా అంతే. గాలికి ఎదురుగా దాని కోణం పెరిగేకొద్దీ లిఫ్ట్, అంటే పైకి నెట్టే బలం, పెరుగుతుంది, కానీ దాదాపు 15 నుంచి 17 డిగ్రీల దగ్గర ఒక హద్దుంది, అది దాటితే రెక్క పైభాగం మీద గాలి అతుక్కుని పారడం మానేసి చెదిరిపోతుంది, లిఫ్ట్ కుప్పకూలుతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఇంజన్‌కీ దీనికీ సంబంధం లేదు, ఇంజన్ పూర్తి గొంతుతో అరుస్తున్నా రెక్క స్టాల్ అవుతుంది. పైలట్ ఎత్తు పెరగట్లేదని కంట్రోల్ వీల్‌ని ఇంకొంచెం వెనక్కి లాగుతాడు, ముక్కు ఇంకా లేస్తుంది, కోణం పెరుగుతుంది, వేగం పడిపోతుంది, మళ్లీ లాగుతాడు. ఎదురుగా చెట్లు కనబడుతుంటే ఏ మనిషి చెయ్యైనా వెనక్కే లాగుతుంది. ఆ క్షణంలో ప్రాణం నిలబెట్టేది ముక్కు దించడం. నేలకి వంద అడుగుల ఎత్తులో ఉండగా నేల వైపు ముక్కు దించడానికి ఎంత శిక్షణ కావాలో ఆలోచించండి.

మరి ఎడమ రెక్కే ఎందుకు వాలింది? ఈ తరహా విమానాల్లో చాలావాటికి ప్రొపెల్లర్ కాక్‌పిట్ నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిరుగుతుంది. పూర్తి పవర్ ఇచ్చి, వేగం తక్కువగా ఉండి, ముక్కు పైకి ఉన్నప్పుడు ఆ తిరుగుడు విమానాన్ని ఎడమకి లాగుతుంది. దాన్ని కుడి రడ్డర్ పెడల్, అంటే తోక మీది నిలువు పలకని తిప్పే పెడల్, తొక్కి సరిచేయాలి. తొక్కకపోతే విమానం ఎడమకి తిరుగుతూ ఉంటుంది, అంటే ఎడమ రెక్క కుడి రెక్క కంటే కాస్త నెమ్మదిగా కదులుతుంది, స్టాల్ కూడా అదే ముందు అవుతుంది. అక్కడి నుంచి మొదలయ్యే గిరికీని స్పిన్ అంటారు. మామూలు స్టాల్ నుంచి బయటపడటానికే కొన్ని వందల అడుగుల ఎత్తు కావాల్సి రావచ్చు, స్పిన్‌కైతే వెయ్యి అడుగులు కూడా చాలకపోవచ్చు. మన విమానం ఉన్నది చెట్ల ఎత్తులో.

సరే, అసలు ఎక్కలేని విమానం నేల మీద నుంచి ఎలా లేచింది? ఇక్కడే చాలామంది పైలట్లు కూడా మోసపోతారు. నేలకి బాగా దగ్గరగా ఎగిరేటప్పుడు రెక్కల చివర్ల దగ్గర పుట్టే సుడులకి నేల అడ్డుపడుతుంది, దాంతో లిఫ్ట్ కోసం కట్టాల్సిన మూల్యం, అంటే ఆ రకం డ్రాగ్ (విమానాన్ని వెనక్కి పట్టి లాగే గాలి బలం), బాగా తగ్గిపోతుంది. రెక్కల మొత్తం పొడవులో పదో వంతు ఎత్తులో ఉంటే ఆ డ్రాగ్ దాదాపు సగానికి పడిపోతుంది, నాలుగో వంతు ఎత్తుకి వెళ్తే తగ్గుదల పావు వంతుకి కాస్త లోపే, రెక్కల పొడవంత ఎత్తుకి చేరితే ఈ సాయం దాదాపు సున్నా. సెస్నా 172 రెక్కల పొడవు 36 అడుగులు, అంటే మొత్తం ఆట ఆ 36 అడుగుల లోపలే. దీన్ని గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. దీనివల్ల ఏమవుతుందంటే, ఎగరడానికి ఇంకా సరిపోని వేగంలోనే విమానం చక్రాలు లేపేస్తుంది. పైలట్‌కి హమ్మయ్య అనిపిస్తుంది. పది, ఇరవై అడుగులు లేచేసరికి సాయం అయిపోతుంది, డ్రాగ్ ఒక్కసారిగా మీద పడుతుంది, ఇంజన్‌లో ఇవ్వడానికి ఇంకేం మిగిలి ఉండదు. తెలిసిన పైలట్ అయితే ఆ పది అడుగుల ఎత్తులోనే ముక్కు దించి ఉంచి, వేగం పెరిగేదాకా నేలని అంటిపెట్టుకుని పోతాడు, తర్వాతే ఎక్కుతాడు. దానికి ముందు ఖాళీ ఉండాలి కదా, చెట్లుంటే ఆ దారీ లేదు.

సెస్నా 172ఎస్ మోడల్‌నే తీసుకుంటే, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా నిండు బరువుతో దాని స్టాల్ వేగం స్పీడు మీటరు మీద 48 నాట్లు, అంటే గంటకి సుమారు 89 కిలోమీటర్లు. ముక్కు ఎత్తమని చెప్పే వేగం 55. బాగా ఎక్కే వేగం 74. అంటే నేల వదిలే వేగానికీ కింద పడేసే వేగానికీ మధ్య 7 నాట్లు, ఒక గాలి విసురు అంత. 55కీ 74కీ మధ్య ఉన్న ఆ కొద్ది సెకన్లే టేకాఫ్‌లో అసలు గండం.

ఇప్పుడు లెక్క. ఒక విమానం ఎంత దూరంలో లేస్తుంది, 50 అడుగుల ఎత్తు అందుకోవడానికి మొత్తం ఎన్ని మీటర్లు కావాలి అనేవి దాని హ్యాండ్‌బుక్‌లో పట్టికల్లో ఉంటాయి. ఆ పట్టిక కొత్త ఇంజన్, నున్నటి రెక్కలు, నేర్పరి టెస్ట్ పైలట్‌తో తీసింది అనేది గుర్తుంచుకోవాలి. బ్రిటన్ విమానయాన అథారిటీ సీఏఏ చిన్న విమానాల పైలట్ల కోసం ఒక చిన్న కరపత్రం వేసింది, అందులో మోటు అంకెలు కొన్ని ఉంటాయి, ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. బరువు 10 శాతం పెరిగితే దూరం 20 శాతం పెరుగుతుంది. రన్‌వే ఉన్న ఎత్తు ప్రతి వెయ్యి అడుగులకీ 10 శాతం. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలకీ ఇంకో 10 శాతం. పొడి గడ్డి అయితే 20, తడి గడ్డి అయితే 30. రన్‌వే 2 శాతం ఎగువకి ఉంటే 10. వెనక నుంచి గాలి, లేచే వేగంలో పదో వంతు ఉన్నా సరే, 20 శాతం.

విడివిడిగా చూస్తే ఒక్కటి కూడా భయపెట్టదు. చిక్కేమిటంటే వీటిని కూడకూడదు, గుణించాలి. మన విమానానికి సముద్ర మట్టంలో, చల్లటి వాతావరణంలో, ఇద్దరే ఎక్కినప్పుడు, తారు రన్‌వే మీద 50 అడుగులు అందుకోవడానికి 450 మీటర్లు చాలనుకుందాం. ఈరోజు బరువు 10 శాతం ఎక్కువ: 540 మీటర్లు. రన్‌వే 2,000 అడుగుల ఎత్తులో ఉంది: 653. ఆ ఎత్తుకి ఉండాల్సిన దానికంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడి: 791. కింద పొడి గడ్డి: 949. అయినా వెయ్యి లోపే ఉంది కదా అని బయల్దేరారు, నిజానికి అదే కరపత్రం వచ్చిన అంకెని ఇంకో 1.33తో హెచ్చించి భద్రతకి వదులు పెట్టుకోమంటుంది, అలా చూస్తే 1,262 కావాలి. అది పక్కన పెడదాం. విమానం వరసలోకి వచ్చి నిలబడేలోపు గాలి దిశ మారింది, ఎదురు నుంచి కాదు, వెనక నుంచి ఐదారు నాట్లు. అంతే: 1,138 మీటర్లు. రన్‌వే వెయ్యి. ఇద్దరితో ఎగిరిన రోజు సగం రన్‌వే మిగిలిపోయిన విమానమే ఇది, అందుకే పైలట్‌కి అనుమానం రాలేదు. ఇంజన్ చెడలేదు, రెక్క విరగలేదు, ఏ ఒక్కరూ ఘోరమైన తప్పు చేయలేదు.

వేడి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది కంటికి కనబడదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. రెక్కకి తగినంత గాలి దొరకదు, ప్రొపెల్లర్‌కి పట్టు దొరకదు, ఇంజన్‌కి పీల్చుకోవడానికి ఆక్సిజన్ తగ్గుతుంది, మూడూ ఒకేసారి. పైలట్లు దీన్ని డెన్సిటీ ఆల్టిట్యూడ్ అనే అంకెతో కొలుస్తారు: ఇవాళ్టి గాలి పలుచదనం ఎంత ఎత్తులోని గాలితో సమానం అని. ఉండాల్సిన ఉష్ణోగ్రత కంటే ప్రతి డిగ్రీ సెల్సియస్‌కీ సుమారు 120 అడుగులు కలపాలి. 2,000 అడుగుల దగ్గర ప్రామాణిక ఉష్ణోగ్రత 11 డిగ్రీలు, ఇవాళ 31 ఉందంటే 20 ఇంటూ 120, 2,400 కలిపితే 4,400. నేల 2,000 అడుగుల్లోనే ఉన్నా విమానం 4,400 అడుగుల్లో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. టర్బోచార్జర్ (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి పోగొట్టుకుంటుంది, అంటే ఇక్కడ 13 శాతం దాకా మాయం. దీనికి తోడు అలాంటి గాలిలో ఇంధనం, గాలి పాళ్లు సరిచేసుకోకపోతే ఇంధనం ఎక్కువై ఇంకొంత శక్తి పోతుంది. స్పీడు మీటరు అదే 55 చూపిస్తుంది, కానీ నిజంగా నేల మీద విమానం అంతకంటే వేగంగా పరిగెడుతూ ఉంటుంది, చుట్టూ అన్నీ రయ్యిమని వెనక్కి పోతుంటే కావాల్సినంత స్పీడు వచ్చేసిందన్న భ్రమ కూడా కలుగుతుంది.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నదీ ముఖ్యమే. వెనక సీట్లు, లగేజీ అర నింపేస్తే గురుత్వ కేంద్రం వెనక్కి జరుగుతుంది. హద్దు దాటితే ముక్కు దానంతటదే పైకి లేవాలని చూస్తుంది, దించడానికి ఎలివేటర్‌కి, అంటే ముక్కుని పైకీ కిందికీ కదిపే తోక పలకకి, బలం చాలదు. 2001 ఆగస్టు 25న బహామాస్‌లోని మార్ష్ హార్బర్‌లో గాయని ఆలియా ప్రయాణించిన సెస్నా 402బి లేచిన కాసేపటికే రన్‌వే దాపులోనే కూలి 9 మందీ చనిపోయారు. దర్యాప్తులో బయటపడినవాటిలో ముఖ్యమైనవి ఈ రెండు: అనుమతించిన బరువు బాగా మించింది, గురుత్వ కేంద్రం వెనక హద్దు దాటింది. షూటింగ్ సామాను, మనుషులు, తొందర. కాగితం మీద కూడికలు చేసి ఉంటే ఆ విమానం కదిలేదే కాదు.

రన్‌వే మీద ఉండగానే ఈ లెక్క తప్పిందని పట్టుకునే ఉపాయం ఒకటుంది, పైలట్లు నేర్చుకుంటారు కానీ వాడేవాళ్లు తక్కువ. సగం రన్‌వే అయ్యేసరికి లేచే వేగంలో 70 శాతం అందకపోతే ఆపేయాలి. సగం దూరానికి సగం వేగం కదా, 70 ఎందుకు అంటారేమో. ఒకే తీరుగా వేగం పుంజుకునే వస్తువుకి దూరం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది, అందుకని చివరికి 55 అందాలంటే సగం దూరంలో దాదాపు 39 ఉండాలి. అక్కడ 33 ఉంటే అది బాగా పరిగెడుతున్నట్టే అనిపిస్తుంది, కానీ రన్‌వే చాలదు. పెద్ద విమానాల్లో ఫలానా వేగం దాటితే ఇక ఆపకూడదు, ఇంజన్ ఒకటి పోయినా రెండోదాంతో లేవాలి అనే గీత ముందే గీసి ఉంటుంది. ఒకే ఇంజన్ ఉన్న చిన్న విమానంలో అలాంటి గీత ఎవరూ గీసి ఇవ్వరు, పైలటే బయల్దేరకముందు రన్‌వే పక్కన ఒక గుర్తు పెట్టుకోవాలి. నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన భద్రత ఇదే.

ఇప్పుడు నిజంగా ఇంజన్ ఆగిన సందర్భాలు. వీటిలో కూడా లోపలి భాగం విరిగి ఆగినవి కొన్నైతే, ఇంధనం అందక ఆగినవి బోలెడు. ఇంధనం సెలెక్టర్ అనే మీట ఉంటుంది, ఎడమ ట్యాంకా కుడి ట్యాంకా రెండూనా అని. అది పొరపాటున ఆఫ్‌లో ఉన్నా గొట్టాల్లో, కార్బురేటర్‌లో (ఇంధనాన్ని గాలితో కలిపే భాగం) మిగిలిన ఇంధనంతో ఇంజన్ స్టార్ట్ అవుతుంది, కాసేపు నడుస్తుంది కూడా. ఆ కాసేపు సరిగ్గా రన్‌వే దాకా వెళ్లి గాల్లోకి లేవడానికి సరిపోతే అంతకంటే దురదృష్టం లేదు. పిస్టన్ ఇంజన్‌కి పొరపాటున జెట్ ఇంధనం పోస్తే కూడా ఇదే తంతు: గొట్టాల్లో ఉన్న పాత పెట్రోలుతో నేల మీద అంతా బాగుంటుంది, కొత్తది అందుకునే సమయానికి విమానం ఎక్కుతూ ఉంటుంది. ట్యాంకులో చేరిన నీళ్లు మరో సంగతి. నీరు బరువు కాబట్టి అడుక్కి చేరుతుంది, అందుకే ప్రతి రోజూ మొదటిసారి ఎగిరే ముందు ట్యాంకు అడుగున ఉన్న చిన్న వాల్వు నొక్కి గ్లాసులోకి కొంచెం పట్టి చూస్తారు. చిన్న విమానాలు వాడే పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది, నీళ్లుంటే అడుగున రంగులేని బుడగలా విడిగా నిలబడుతుంది. గ్లాసు నిండా నీళ్లే వస్తే మాత్రం జాగ్రత్త, పోల్చడానికి పైన నీలం లేక అది శుభ్రమైన ఇంధనంలా కనబడి దాటిపోయే ప్రమాదం ఉంది.

కార్బురేటర్‌లో మంచు పట్టడం అనే మాట వినగానే చలిదేశాల గొడవ అనుకుంటాం. కాదు. కార్బురేటర్ సన్నటి గొంతులో గాలి వేగం పెరిగి, ఇంధనం ఆవిరై, అక్కడ ఉష్ణోగ్రత 30 డిగ్రీలకి పైగా పడిపోగలదు. బయట 20 డిగ్రీలుండి గాలిలో తేమ దండిగా ఉంటే లోపల మంచు కడుతుంది. టేకాఫ్‌లో థ్రాటిల్, అంటే ఇంజన్‌లోకి గాలి వదిలే మూత, పూర్తిగా తెరిచి ఉంటుంది కాబట్టి అప్పటికప్పుడు పట్టడం తక్కువ, కానీ అంతకుముందు నేల మీద చాలాసేపు మందంగా నడుస్తూ వేచి ఉంటే అప్పుడే పట్టేసి ఉంటుంది. ప్రమాదం తర్వాత దర్యాప్తు వాళ్లు వచ్చేసరికి అది కరిగి నీరై ఆరిపోయి ఉంటుంది కూడా, సాక్ష్యం మిగలదు. అప్పుడు ఆ రోజు ఉష్ణోగ్రత, తేమ చూసి అవకాశం ఉందని మాత్రమే రాయగలుగుతారు.

ఇంజన్ ఆగిందే అనుకుందాం, 400 అడుగుల ఎత్తులో. రన్‌వే వెనకే ఉంది, అంత చక్కటి నేల వదిలి ముందున్న పొలంలోకో గుట్టల్లోకో ఎవరు దిగుతారు, వెనక్కి తిప్పేద్దాం అనిపిస్తుంది. పైలట్ల ప్రపంచంలో దీనికి అసాధ్యమైన మలుపు అని పేరు. మామూలుగా గుండ్రంగా తిరిగితే విమానం రన్‌వేకి పక్కగా తేలుతుంది, కాబట్టి 180 డిగ్రీలు కాదు, ఇంకా ఎక్కువ తిరిగి మళ్లీ ఇటు సరిచేసుకోవాలి. త్వరగా తిరగాలంటే ఎక్కువ వాల్చాలి, వాల్చితే రెక్క మీద బరువు పెరిగి స్టాల్ వేగం పెరుగుతుంది. 45 డిగ్రీలు వాల్చితే 48 నాట్ల స్టాల్ వేగం 57 అవుతుంది. 60 డిగ్రీలు వాల్చితే 68. అదే 172ఎస్ హ్యాండ్‌బుక్‌లో ఇంజన్ ఆగితే పట్టుకోమని చెప్పే గ్లైడ్ వేగం, అంటే ఇంజన్ లేకుండా జారుతూ దిగే వేగం, ఎంతో తెలుసా, 68. రెండూ ఒకటే అంకె. పైగా ఇంజన్ ఆగిన మొదటి కొన్ని సెకన్లు ఏ మనిషైనా నమ్మలేక బిత్తరపోతాడు, ముక్కు ఎక్కే కోణంలోనే ఉంటుంది, వేగం అప్పటికే కారిపోతుంటుంది. అందుకే తక్కువ ఎత్తులో ఆగితే ముక్కు దించు, ఎదురుగా కాస్త అటూ ఇటూ చూసుకుని దిగిపో అంటారు శిక్షకులు. ముందున్న పొలంలో అదుపులో ఉన్న విమానంతో నెమ్మదిగా దిగినవాళ్లు బతికి బయటపడటం మామూలే, స్టాల్ అయి నిలువునా పడినవాళ్లు బతకడం అరుదు. తగినంత ఎత్తుంటే తిరిగి రావచ్చు, దాన్ని ముందే ఎత్తులో సాధన చేసి తన విమానానికి ఎంత కావాలో తెలుసుకున్నవాళ్లకి అది అసాధ్యం కూడా కాదు. అప్పటికప్పుడు నిర్ణయించుకునేవాళ్లకే కష్టం.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. టేకాఫ్ మధ్యలో తలుపు తెరుచుకుంటుంది, పెద్ద చప్పుడు, గాలి హోరు. విమానం మామూలుగానే ఎగురుతుంది, కానీ పైలట్ ఒక చేత్తో తలుపు లాక్కుంటూ స్పీడు చూడటం మానేస్తాడు. సీటు పట్టాల మీద సరిగ్గా లాక్ అవకపోతే ముక్కు ఎత్తగానే వెనక్కి జారిపోతుంది, పైలట్ చేతిలో ఉన్న కంట్రోల్ వీల్‌ని కూడా తనతో పాటు లాక్కుంటాడు, అది ముక్కుని ఇంకా లేపేస్తుంది. ఇది ఎంత తీవ్రమంటే సెస్నా విమానాల సీటు పట్టాల్ని క్రమం తప్పకుండా తనిఖీ చేయాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1987లో తప్పనిసరి ఆదేశమే ఇచ్చింది. రెక్కల మీద గరుకు కాగితమంత మంచు పొర ఉన్నా లిఫ్ట్ 30 శాతం దాకా పోవచ్చు.

విమానం నిలిపి ఉంచినప్పుడు గాలికి ఎలివేటర్, రడ్డర్ కొట్టుకోకుండా తాళం పెడతారు. అది తీయడం మర్చిపోయి టేకాఫ్ చేసినవాళ్లున్నారు అంటే నమ్మబుద్ధి కాదు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వాళ్ల కొత్త బాంబర్ మోడల్ 299 అలాగే లేచి, స్టాల్ అయి పడింది. నడిపింది అనుభవం లేనివాళ్లు కాదు, సైన్యంలో ఆరితేరిన టెస్ట్ పైలట్. పైలట్లు చేతిలో చెక్‌లిస్ట్ పట్టుకోవడం మొదలైంది ఆ తర్వాతే. అయినా 2014 మే 31న అమెరికాలోనే బెడ్‌ఫోర్డ్‌లో ఒక గల్ఫ్‌స్ట్రీమ్ బిజినెస్ జెట్ అదే తాళంతో పరిగెత్తి రన్‌వే దాటిపోయి 7 మంది పోయారు. ఆ ఇద్దరు పైలట్ల అంతకుముందు 175 టేకాఫ్‌ల రికార్డు తీసి చూస్తే, 98 శాతం సార్లు కంట్రోల్స్ అన్ని వైపులా పూర్తిగా కదుల్తున్నాయో లేదో చూడనే లేదట. చెక్‌లిస్ట్ కనిపెట్టి 80 ఏళ్లయినా ఇదీ పరిస్థితి.

మరి కూలిన తర్వాత ఇన్ని కారణాల్లోంచి అసలుదాన్ని ఎలా పట్టుకుంటారు? చిన్న విమానాల్లో బ్లాక్ బాక్స్ సాధారణంగా ఉండదు. అందుకే దర్యాప్తు వాళ్లు ఇనుప ముక్కల్నే చదువుతారు. మొదట చూసేది ప్రొపెల్లర్. పవర్‌తో తిరుగుతూ నేలని కొడితే బ్లేడ్లు ఎస్ అక్షరంలా మెలితిరుగుతాయి, ముందు అంచులకి గాట్లు పడతాయి, బ్లేడు వెడల్పు వెంబడి అడ్డంగా గీతలు ఉంటాయి. తిరగకుండా పడితే ఒక బ్లేడు తిన్నగా వెనక్కి వంగి, రెండోది దాదాపు చెక్కుచెదరకుండా ఉండొచ్చు. ఇంజన్ ఆగిందని ఊరంతా చెప్పినా ఆ బ్లేడ్లు కాదంటే కాదనే. ఫ్లాప్స్ ఎంత దించి ఉన్నాయో వాటిని నడిపే స్క్రూ ఎంత బయటికి ఉందో కొలిచి చెప్తారు. తెగిన కంట్రోల్ తీగల చివర్లు చీపురులా విచ్చుకుని ఉంటే అవి నేలని కొట్టినప్పటి లాగుడికి తెగినవి, ముందే తెగినవి కావు. హెచ్చరిక దీపాల బల్బుల్లోని ఫిలమెంట్‌ని భూతద్దంలో చూస్తారు. వెలుగుతూ వేడిగా ఉన్నప్పుడు దెబ్బ తగిలితే అది సాగుతుంది, ఆరి చల్లగా ఉంటే పుటుక్కున విరుగుతుంది.

ఇప్పుడైతే దగ్గర్లో ఎవరో ఒకరి ఫోన్లో వీడియో ఉంటుంది, దాంట్లో బొమ్మ కంటే ధ్వని విలువైనది. రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 సార్లు తిరిగితే సెకనుకి 45, రెండు బ్లేడ్లు కాబట్టి 90 చప్పుళ్లు, అంటే 90 హెర్ట్జ్ దగ్గర ఒక గీత కనబడాలి. విమానం దగ్గరికొస్తోందా దూరమవుతోందా అన్నదాన్ని బట్టి కాస్త సర్దుకుని, ఆ గీత చివరిదాకా ఉందంటే ఇంజన్ నడుస్తూనే ఉంది. మరి చూసినవాళ్లు అబద్ధం చెప్పారా అంటే అదీ కాదు. విమానం ముక్కు తిప్పుకుని దూరం అవుతుంటే శబ్దం తగ్గుతుంది, గుట్ట వెనక్కో చెట్ల వెనక్కో పోతే ఆగినట్టే వినబడుతుంది, ఆ వెంటనే కూలితే మెదడు రెండిటినీ కలిపేస్తుంది.

ఇన్ని కారణాలు ఒకేచోట పోగుపడిన ప్రమాదం ఒకటి చెప్పాలి. 1996 ఏప్రిల్ 11 ఉదయం, అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని షయాన్. ఏడేళ్ల పాప దేశం ఈ చివర నుంచి ఆ చివరకి విమానం నడిపి రికార్డు సృష్టించబోతోందని దేశమంతా టీవీల్లో చూస్తోంది. విమానం సెస్నా 177బి, లోపల పాప, వాళ్ల నాన్న, శిక్షకుడు. అదేం మండుటెండ కాదు, చల్లటి ఉదయమే, కానీ ఆ విమానాశ్రయం ఉన్నదే 6,156 అడుగుల ఎత్తులో, డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6,670. శిక్షకుడు రోజూ ఎగిరేది సముద్ర తీరంలో. బరువు పరిమితికి 96 పౌండ్లు, అంటే 44 కిలోలు ఎక్కువ. ఉరుములు, వాన, విసురు గాలులు ముంచుకొస్తున్నాయి, వీళ్లకి ముందు వెళ్లిన రెండు ఇంజన్ల విమానం పైలట్ గాలి వేగం 15 నాట్లు అటూ ఇటూ ఊగుతోందని రేడియోలో చెప్పాడు కూడా. కానీ తర్వాతి ఊళ్లో ప్రోగ్రాం ఉంది, మీడియా ఎదురుచూస్తోంది. లేచారు, కుడివైపు తిరిగారు, వేగం పడిపోయింది, స్టాల్, విమానాశ్రయం దగ్గర్లోని ఇళ్ల మధ్య కూలారు. ముగ్గురూ పోయారు.

దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది ఏమంటే, ఆ సమయంలో విమానం నడుపుతున్నది శిక్షకుడే, పాప కాదు. కారణంగా రాసింది చెడిపోతున్న వాతావరణంలో, ఎక్కువ బరువుతో, అలవాటు లేనంత డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో బయల్దేరాలన్న అతని నిర్ణయం, దానివల్ల వేగం నిలుపుకోలేక స్టాల్ అవడం. ముందుగా పెట్టుకున్న ప్రయాణ ప్రణాళిక, మీడియాకి ఇచ్చిన మాట అతని మీద ఒత్తిడి పెంచాయని కూడా జోడించింది. జనం మాత్రం చిన్నపిల్లకి విమానం ఇచ్చారు కాబట్టి కూలిందని నమ్మారు, నివేదిక రాకముందే, అదే ఏడాది అక్టోబరులో, అమెరికా కాంగ్రెస్ రికార్డుల కోసం పిల్లల చేత విమానాలు నడిపించడాన్ని నిషేధిస్తూ చట్టం చేసేసింది. చట్టం మంచిదే, దాన్ని తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే ఆ 44 కిలోల గురించి, 6,670 అడుగుల గురించి అందులో ఏమీ లేదు.